పడుకుంటే సోమరులమైపోతామా?



రోగి ఇంటికి వెళ్లే రోజున డిశ్చార్జి కాగితం చేతికిచ్చి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో, కుట్లు ఎప్పుడు తీయించుకోవాలో మేము వివరంగా చెబుతాము. అందరూ తల ఊపుతూ వింటారు. చివర్లో "ఆరు వారాలు విశ్రాంతి తీసుకోవాలి" అనగానే ముఖాలు మారిపోతాయి. "అన్ని రోజులు పడుకుంటే ఎలా సిస్టర్‌గారూ?" అని ఒకరు, "ఇంట్లో పని ఎవరు చూస్తారమ్మా?" అని ఇంకొకరు, "చూసినవాళ్లు ఏమనుకుంటారు?" అని మరొకరు అడుగుతారు. మాత్రల గురించి ఇలా ఎవరూ అడగరు. విశ్రాంతి కూడా డాక్టరుగారు రాసిన మందే. దాన్ని తీసుకోవడానికి మాత్రం మనకు సిగ్గు అడ్డం వస్తుంది.

ఆ సిగ్గు వల్ల జరిగే నష్టం చిన్నది కాదు. త్వరగా బిందె ఎత్తినందుకు కుట్ల చోట హెర్నియా వచ్చి మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కవలసి రావచ్చు. జ్వరం తగ్గీ తగ్గకముందే పొలానికి వెళ్లినవారు మరో నెల మంచాన పడవచ్చు. అందుకని ఈసారి మందుల సంగతి పక్కన పెట్టి, విశ్రాంతి తీసుకుంటే తప్పు చేసినట్టు ఎందుకనిపిస్తుందో, ఆ భావాన్ని ఎలా వదులుకోవాలో తెలుసుకుందాం.

విశ్రాంతి వేరు, సోమరితనం వేరు

చేయగలిగిన పనిని, చేయవలసిన వేళ, మనసు లేక ఎగ్గొట్టడం సోమరితనం. పని వల్లనో జబ్బు వల్లనో తరిగిపోయిన శక్తిని తిరిగి కూడబెట్టుకోవడం విశ్రాంతి. రెండూ పైకి ఒకేలా కనిపిస్తాయి. రెండు చోట్లా మనిషి పడుకునే ఉంటాడు. తేడా ఎక్కడ తెలుస్తుందంటే, సోమరికి పడుకున్నందుకు బాధ ఉండదు. మంచం మీద పడుకుని కూడా వంటింట్లో గిన్నెల చప్పుడు వింటూ "అయ్యో, నేను లేవలేకపోతున్నానే" అని కుమిలిపోయే మనిషి సోమరి కానే కాదు.

అరక దున్నే రైతు మిట్టమధ్యాహ్నం ఎడ్లను విప్పి నీడన కట్టేసి, మేత వేసి, నీళ్లు పెడతాడు. ఎడ్లు సోమరులైపోయాయని ఊళ్లో ఎవరూ అనరు. సాయంత్రం మళ్లీ కాడి మోయాలంటే ఆ విరామం తప్పదని రైతుకు తెలుసు. ఎడ్లకు ఇచ్చే ఆ పాటి న్యాయం మన శరీరానికి మనం ఇవ్వకపోవడమే విచారకరం.

పడుకున్నప్పుడు శరీరం ఏం చేస్తుంది?

మనం ఏమీ చేయడం లేదని అనుకునే సమయంలో శరీరం ఊరికే ఉండదు.

ఆపరేషన్ గాయాన్నే చూడండి. మొదటి నాలుగైదు రోజులు శరీరం ఆ చోటును శుభ్రం చేసుకుంటుంది. ఆ తరువాత రెండు మూడు వారాలు కొత్త కణజాలాన్ని అల్లుకుంటుంది. ఆపైన నెలల తరబడి దాన్ని గట్టిపరచుకుంటూ ఉంటుంది. పైన చర్మం అతుక్కుని కుట్లు తీసేసరికి అంతా మానిపోయిందని మనం అనుకుంటాము. నిజానికి మూడు వారాలయ్యేసరికి మానిన చోటుకు మామూలు చర్మానికి ఉండే బలంలో దాదాపు ఐదో వంతే వస్తుంది. మూడు నెలలకు 80 శాతం దాకా చేరుతుంది. కంటికి మానినట్టు కనిపించడం వేరు, బరువు మోసే బలం రావడం వేరు.

ప్రసవమైన తల్లి సంగతి చూడండి. కాన్పు అయిన వెంటనే గర్భసంచి సుమారు ఒక కిలో బరువు ఉంటుంది. ఆరు వారాల్లో అది 60 నుంచి 80 గ్రాములకు కుదించుకుపోతుంది. దానితోపాటు కాన్పులో పోయిన రక్తం తిరిగి పట్టాలి, సాగిన కండరాలు బిగియాలి, బిడ్డకు పాలు తయారు కావాలి. "బాలింత ఊరికే పడుకుంది" అనేవారు ఈ లెక్క ఒకసారి గుర్తుకు తెచ్చుకోవాలి.

ఇక నిద్ర. పెద్దవారికి రాత్రికి కనీసం ఏడు గంటల నిద్ర కావాలి. గాఢనిద్రలో ఉన్నప్పుడు, ముఖ్యంగా రాత్రి మొదటి భాగంలో, కణజాలాన్ని బాగుచేసే హార్మోను ఎక్కువగా విడుదలవుతుంది. ఆరోగ్యవంతులకు నిద్రలో రక్తపోటు పగటి కంటే 10 నుంచి 20 శాతం తగ్గుతుంది. గుండెకు, రక్తనాళాలకు దొరికే సెలవు అదే. రోజూ నిద్ర తగ్గించుకుని పని చేసేవారి గుండెకు ఆ సెలవు కూడా దొరకదు.

ఎవరికి ఎంత విశ్రాంతి?

గర్భిణీ స్త్రీలు: రాత్రి 8 గంటలు, పగలు 2 గంటలు పడుకోవాలి. నెలలు నిండే కొద్దీ పక్కకు తిరిగి, వీలైతే ఎడమ వైపుకు పడుకోవడం మంచిది. వెల్లకిలా పడుకుంటే బరువైన గర్భసంచి వెనకనున్న పెద్ద రక్తనాళాన్ని నొక్కుతుంది. దానివల్ల తల్లికి కళ్లు తిరగవచ్చు, బిడ్డకు రక్తం తగ్గవచ్చు.

సిజేరియన్ అయినవారు: ఆరు వారాలు బిడ్డ బరువు కంటే ఎక్కువ బరువు ఎత్తకూడదు. బిడ్డ పడుకున్నప్పుడు తల్లి కూడా పడుకోవాలి. చాలామంది అప్పుడే గదా వీలు దొరికిందని గుడ్డలు ఉతకడానికి లేస్తారు. రాత్రి బిడ్డ మూడుసార్లు లేపినప్పుడు పోయిన నిద్రను తిరిగి రాబట్టుకునే సమయం అదొక్కటే.

గర్భసంచి తీయించుకున్నవారు: 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేను చూస్తే, ఈ ఆపరేషన్ ఎక్కువగా జరిగే రాష్ట్రాల్లో మన ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ముందున్నాయి. కాబట్టి ఈ మాట చాలా ఇళ్లకు వర్తిస్తుంది. కనీసం ఆరు వారాలు బరువులు ఎత్తకూడదు. పదిహేను లీటర్ల బిందెలో నీళ్ల బరువే 15 కిలోలు. దాన్ని నడుము మీద పెట్టుకుంటే పొత్తికడుపు మీద ఎంత ఒత్తిడి పడుతుందో ఆలోచించండి.

జ్వరాల నుంచి కోలుకునేవారు: టైఫాయిడ్, డెంగీ వంటివాటిలో జ్వరం దిగిపోయాక కూడా రెండు మూడు వారాలు నీరసం ఉండవచ్చు. 2005–06లో చికున్‌గున్యా మన ఊళ్లను చుట్టేసినప్పుడు, జ్వరం పోయినా కీళ్ల నొప్పులతో నెలల తరబడి బాధపడినవారు ఎందరో ఉన్నారు. జ్వరం లేదు కనుక జబ్బు లేదని అనుకోకూడదు.

విశ్రాంతి అంటే మంచం దిగకపోవడం కాదు

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. ఒకప్పుడు గుండెపోటు వచ్చినవారిని నాలుగు నుంచి ఆరు వారాలు మంచం మీదే కదలకుండా ఉంచేవారు. 1952లో అమెరికాలో లెవిన్, లౌన్ అనే ఇద్దరు డాక్టర్లు అటువంటి రోగులను తొందరలోనే లేపి కుర్చీలో కూర్చోబెట్టి, దానివల్ల హాని లేకపోగా మేలే జరుగుతోందని చూపించారు. అప్పటి నుంచి వైద్య విధానం క్రమంగా మారింది. కదలకుండా పడుకుంటే కాళ్ల సిరల్లో రక్తం గడ్డకట్టవచ్చు, వీపున పుండ్లు పడవచ్చు, కండరాలు సన్నబడతాయి. అందుకే ఆపరేషన్ మరునాడే మా సిస్టర్లు మిమ్మల్ని లేపి నాలుగు అడుగులు నడిపిస్తారు. తమంతట తాము కదలలేని రోగిని రెండు గంటలకొకసారి పక్కకు తిప్పుతారు.

కాబట్టి మేము చెప్పే విశ్రాంతి బరువు పనికి, హడావిడికి, కంగారుకు ఇచ్చే సెలవు. మెల్లగా నడవడం, స్నానం చేయడం, కూర్చుని మాట్లాడుకోవడం అన్నీ అందులో భాగమే. ఫోను చూస్తూ అర్ధరాత్రి దాకా మేలుకోవడం మాత్రం పడుకుని చేసినా విశ్రాంతి కాదు.

తప్పు చేస్తున్నామన్న భావం ఎక్కడిది?

"కూర్చుని తింటే కొండలైనా కరిగిపోతాయి" అన్న సామెత వింటూ పెరిగినవాళ్లం మనం. పని విలువ నేర్పడానికి పెద్దలు ఆ మాట అన్నారు. కుట్లతో ఉన్న మనిషిని లేపడానికి అన్నది కాదు. ఆ పెద్దలే "ఆకలి రుచి ఎరగదు, నిద్ర సుఖమెరగదు" అని కూడా అన్నారు. ఆడవాళ్లు పగలు పడుకుంటే ఇంటికి మంచిది కాదన్న మాట కూడా చాలా ఇళ్లలో ఇంకా వినిపిస్తుంది.

ఇంటి పనికి జీతం లేదు, ఆదివారమూ లేదు. 2024లో కేంద్ర ప్రభుత్వం దేశమంతటా చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పని చేసే స్త్రీలు రోజుకు 289 నిమిషాలు, పురుషులు 88 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారని తేలింది. అంటే ఆమెకు దాదాపు ఐదు గంటలు, అతనికి గంటన్నర. అంత పని ఒక్క మనిషి మీద ఆనుకుని ఉన్నప్పుడు ఆమె పడుకుంటే ఇల్లు ఆగిపోతుంది. ఇల్లు ఆగినందుకు తప్పు తనదేనని ఆమె అనుకుంటుంది. పని ఒక్కరి మీదే పడి ఉండటం అసలు కారణమని ఆమెకు తోచదు.

మగవారికి కూడా ఈ బాధ ఉంది. గుండెపోటు వచ్చి ఇంట్లో కూర్చున్న మనిషి, ఉద్యోగ విరమణ చేసిన తండ్రి, పక్షవాతంతో చేయి పడిపోయిన పెద్దాయన "నేను తిండికి దండగ" అనుకోవడం మేము వార్డుల్లో వింటూనే ఉంటాము. సంపాదిస్తేనే విలువ, పని చేస్తేనే మనిషి అని మనసులో పాతుకుపోయిన కొలత అది. ఆ కొలతతో కొలిస్తే పాలు తాగే బిడ్డకు ఏ విలువా ఉండకూడదు. కాని ఇంట్లో అందరికంటే విలువైనది ఆ బిడ్డే కదా!

విశ్వాసులమైన మనం ఇంకొకటి గుర్తు చేసుకోవాలి. పది ఆజ్ఞలలో విశ్రాంతి దినం కూడా ఉంది. ఆ విశ్రాంతి యజమానికి మాత్రమే కాదు, దాసునికి, దాసికి, పశువుకు, ఇంట ఉన్న పరదేశికి కూడా. ఏలీయా అలసిపోయి, ఇక బ్రతకలేనని బదరీవృక్షం కింద పడుకున్నప్పుడు దేవదూత అతన్ని గద్దించలేదు. రొట్టె, నీళ్లు ఇచ్చాడు. అతడు తిని మళ్లీ పడుకున్నాడు. రెండవసారి కూడా అన్నమే పెట్టాడు గాని ఎందుకు పడుకున్నావని అడగలేదు.

ఈ భావాన్ని వదులుకోవడం ఎలా?

1. కాగితం మీద రాయించుకోండి. ఎన్ని రోజులు, ఏయే పనులు చేయకూడదు, ఏవి చేయవచ్చు అన్నది డిశ్చార్జి రోజున మమ్మల్ని అడిగి రాయించుకోండి. దాన్ని గోడ మీద క్యాలెండరు పక్కన అంటించండి. అప్పుడు "నాకు చేతకావడం లేదు" అని మీరు చెప్పుకోనక్కరలేదు. కాగితమే చెబుతుంది.

2. మాత్రలాగే వేళ పెట్టుకోండి. పని అంతా అయ్యాక పడుకుందామనుకుంటే ఆ వేళ ఎప్పటికీ రాదు. మధ్యాహ్నం భోజనం తరువాత ఒంటిగంటన్నర నుంచి మూడింటి వరకు అని ఖాయం చేసుకోండి.

3. వడ్డీతో తీర్చకండి. గంట పడుకున్నందుకు లేచి రెండు గంటల పని అదనంగా చేసేవారున్నారు. విశ్రాంతి అప్పు కాదు, తిరిగి కట్టనక్కరలేదు.

4. మాట మార్చండి. ఎవరైనా "ఏం చేస్తున్నావు?" అంటే "ఏమీ లేదు, ఊరికే పడుకున్నాను" అనకండి. "కుట్లు మానుతున్నాయి, పడుకున్నాను" అనండి. అది నిజం కూడా.

5. ఇతరులు చేసిన పనిని అలాగే ఉండనివ్వండి. కోడలు వండిన కూరలో ఉప్పు తగ్గవచ్చు, భర్త ఊడ్చిన చోట మూల మిగలవచ్చు. దాన్ని సరిచేయడానికి లేచారా, మరుసటి రోజు ఆ పని మళ్లీ మీ మీదికే వస్తుంది.

6. మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి. ఇదే ఆపరేషన్ మీ కూతురికో చెల్లెలికో అయితే మూడో వారంలో ఆమె చేత నీళ్లు మోయిస్తారా? మోయించరు. ఆమెకు వర్తించే దయ మీకు కూడా వర్తిస్తుంది.

7. కోలుకున్నాక కూడా కొంత సమయం ఖాళీగా ఉంచుకోండి. సాయంత్రం అరుగు మీద కూర్చోవడానికి, వేపచెట్టు కింద మంచం వేసుకోవడానికి, మనవరాలి కబుర్లు వినడానికి ఫలితం చూపించనక్కరలేదు. "ఆ గంటలో ఇంకేదైనా పని అయిపోయేది" అన్న లెక్క వేయకండి. ప్రతి గంటకూ లెక్క అప్పజెప్పవలసిన కూలీలం కాము మనం.

కూలి పోతే ఎలా?

"సిస్టర్‌గారూ, మీరు చెప్పేది బాగానే ఉంది, పనికి వెళ్లకపోతే పొయ్యి వెలగదు" అనేవారికి ఉత్త మాటలు సరిపోవు. ప్రభుత్వం కూడా ఈ సంగతిని గుర్తించింది. 1961 చట్టంలో ప్రసూతి సెలవు 12 వారాలుండగా, 2017లో మొదటి ఇద్దరు బిడ్డలకు దాన్ని 26 వారాలకు పెంచారు. అది ఉద్యోగస్తులకు. కూలి చేసుకునే తల్లుల కోసం 2017లోనే ప్రధానమంత్రి మాతృవందన యోజన వచ్చింది. మొదటి బిడ్డకు విడతలుగా రూ. 5,000 ఇచ్చే ఆ పథకం ఉద్దేశమే, తల్లి పోగొట్టుకున్న కూలిని కొంత పూడ్చి ఆమె విశ్రాంతి తీసుకునేటట్లు చేయడం. 2022 నుంచి రెండవ కాన్పులో ఆడపిల్ల పుడితే రూ. 6,000 చేర్చారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019 డిసెంబరులో ఆరోగ్య ఆసరా పేరుతో, ఆపరేషన్ తరువాత కోలుకునే కాలానికి రోజుకు రూ. 225 చొప్పున, నెలకు రూ. 5,000 మించకుండా ఇవ్వడం మొదలుపెట్టారు. మీకు ఇప్పుడు ఏది వర్తిస్తుందో ఆరోగ్యమిత్రను, అంగన్‌వాడీ కార్యకర్తను, ఆశా కార్యకర్తను అడిగి తెలుసుకోండి. ఇది ఒకరి దయ కాదు కనుక అడగడానికి మొహమాటపడకండి.

తొందర లేని ఆపరేషన్ అయితే నాట్లు, కోతల రోజులు దాటాక తేదీ పెట్టమని డాక్టరుగారిని అడగవచ్చు. ఏ పరిస్థితిలో ఉన్నారో మాకు దాచకుండా చెప్పండి. పూర్తిగా మానలేనివారికి ఏ పని ముందు మొదలుపెట్టవచ్చో, ఏది అస్సలు కూడదో చెప్పగలము.

సంఘంలోని స్త్రీల సమాజం వారికి ఒక మనవి. బాలింతను, ఆపరేషన్ అయిన సహోదరిని చూడడానికి పళ్లు తీసుకుని వెళ్తారు. మంచిదే. దానితోపాటు నలుగురు వంతులు వేసుకుని వారానికి రెండు పూటలు కూర పంపితే, ఒకరు రెండు బిందెల నీళ్లు తెచ్చిపెడితే అంతకంటే మేలు.

ఇంటివారికి ఒక మాట

ఫ్లారెన్స్ నైటింగేల్ 1859–60లో రాసిన 'నోట్స్ ఆన్ నర్సింగ్' పుస్తకంలో ఒక అధ్యాయం మొత్తం చప్పుడు గురించే ఉంది. నిద్రపోతున్న రోగిని లేపకుండా చూసుకోవడం నర్సుకు ముఖ్యమైన ధర్మమని ఆమె అందులో చెప్పారు. చూడడానికి వచ్చినవారు పదేపదే చెప్పే ఉచిత సలహాల వల్ల రోగి ఎంత అలసిపోతాడో ఇంకో అధ్యాయంలో రాశారు. ఇన్నేళ్లయినా అవే మాటలు మన ఇళ్లకు సరిపోతాయి. పరామర్శలు క్లుప్తంగా ఉండనివ్వండి. "ఇంకా ఎన్నాళ్లు?" అని అడగకండి. అత్తగారు ఒక్కసారి నోరు తెరిచి "పడుకో అమ్మా, నేను చూసుకుంటాను" అంటే కోడలికి అది సగం మందు. భర్త అంటే మిగతా సగం.

ఎప్పుడు జాగ్రత్తపడాలి?

కుట్ల చోట చీము, జ్వరం, ఎక్కువ రక్తస్రావం, ఒక కాలు వాచి నొప్పి పుట్టడం, ఆయాసం, గుండెలో నొప్పి ఇవేవైనా ఉంటే విశ్రాంతితో తగ్గుతుందని ఆగకండి. వెంటనే ఆసుపత్రికి రండి.

చాలినంత నిద్రపోయినా వారాల తరబడి నిస్సత్తువ తగ్గకపోతే పరీక్ష చేయించుకోవాలి. 2019–21 సర్వే ప్రకారం మన రెండు రాష్ట్రాల స్త్రీలలో సగానికి పైగా రక్తహీనత ఉంది. థైరాయిడ్, షుగర్ వల్ల కూడా ఈ నీరసం వస్తుంది.

ఇంకొకటి. "నేను ఎందుకూ పనికిరాను, అందరికీ భారమయ్యాను" అన్న ఆలోచన రోజంతా వదలకుండా రెండు వారాలకు మించి ఉంటే, దేనిలోనూ సంతోషం లేకపోతే, అది మనసుకు వచ్చే కుంగుబాటు అనే జబ్బు కావచ్చు. తప్పు చేశానన్న భావం అతిగా ఉండటం దాని లక్షణాల్లో ఒకటి. బాలింతల్లో కూడా ఇది వస్తుంది. ఇది విశ్వాసం తక్కువై వచ్చేది కాదు, చికిత్స ఉన్న జబ్బు. డాక్టరుగారికి చెప్పండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ సేవకు 14416 నంబరుకు ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలనే తలంపు వస్తే ఆ రోజే ఎవరికైనా చెప్పండి. ఆ మనిషిని ఒంటరిగా వదలకండి.

ఈ వ్యాసాన్ని ఇంట్లో అందరూ ఉన్న వేళ బిగ్గరగా చదివి వినిపించండి. విశ్రాంతి కావలసిన మనిషి ఒక్కరే చదువుకుంటే ఫలితం ఉండదు, ఆ మనిషికి విశ్రాంతి ఇవ్వవలసినవారు కూడా వినాలి. విన్నాక ఈ పూట ఎవరు వండుతారో, ఎవరు నీళ్లు తెస్తారో అక్కడే అనుకోండి.